మూడు మిల్లీలీటర్లు

రాత్రి ఎనిమిదయింది. కొండాపూర్‌లో ఓ అపార్ట్‌మెంటు, పదకొండో అంతస్తు. హాల్లో అడుగు పెట్టే చోటు లేదు. ఆరు సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. మీ చేతిలో కొక్కెం ఉన్న చిన్న తూకం మిషను. ఒక్కో పెట్టెనూ తగిలించి ఎత్తి, అంకె ఆగేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకుంటున్నారు. 22.8. ఫరవాలేదు. 22.9. ఫరవాలేదు. 23.6. అరకిలో పైనే తీసెయ్యాలి. పాప బొమ్మ తీస్తారా, ఆవకాయ తీస్తారా?

పదకొండున్నరకి క్యాబ్. తెల్లవారుజామున నాలుగుంబావుకి విమానం. దుబాయ్‌లో మారి డాలస్ వెళ్ళాలి. మీ ఆయన అక్కడ ఎనిమిది నెలలుగా ఒక్కరే ఉంటున్నారు. ఇక్కడి నుంచి బయల్దేరేది మీరు, ఏడేళ్ళ పాప, రెండున్నరేళ్ళ బాబు. మీకున్నవి రెండే చేతులు.

"ఇది గూడ పెట్టు బిడ్డా" అంటూ అమ్మ ఒక జిప్ కవరు తెచ్చి మీ చేతిలో పెడుతుంది. ఇంకా వెచ్చగానే ఉంది. ఇప్పుడే వేయించి మిక్సీ పట్టిన మసాలా పొడి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు ధనియాలు, లవంగం. వాటి వెనక మరో కమ్మటి వాసన, చిన్నప్పటి ఆదివారాల్లాంటిది.

"అమ్మా, ఇందులో గసగసాలు వేశావా?"

"ఎయ్యకుంటె మసాలా ఎట్లయితది?"

కవరు మీ చేతిలోనే ఉంది. ఏం చేస్తారు?

గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన వంటింట్లో అదో దినుసు. యూఏఈ చట్టానికి మాత్రం అది నిషేధించిన సరుకు. సింగపూర్‌లోనూ, సౌదీలోనూ అంతే. కూరలోకి తెచ్చుకున్నామంటే వదిలేస్తారన్న నమ్మకం లేదు. జైలు దాకా పోయే వ్యవహారం. మేం దుబాయ్‌లో విమానం మారతామంతే కదా, ఊళ్ళోకి వెళ్ళం కదా అనిపిస్తుంది. కానీ మీతోపాటు మీ పెట్టె కూడా ఆ గడ్డ మీద దిగుతుంది. దాని మీద మీ పేరుంటుంది. మీ పక్కన ఇద్దరు పిల్లలుంటారు.

"గింతంత గసగసాలకు జైల్ల ఏస్తరా?" అమ్మ నమ్మలేకపోతోంది. మీకూ చెప్పడానికి నోరు రావడం లేదు. అయినా చెప్పాలి. చెబుతారు. అమ్మ ఒక్క క్షణం కవరు వైపే చూస్తుంది. ఏమీ అనదు. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగిస్తుంది. ధనియాలు మళ్ళీ మూకుట్లో చిటపటలాడుతున్న చప్పుడు వినిపిస్తుంది.

మీరు అదే ఊపున మిగతా పెట్టెలూ తడుముతారు. ఎండు కొబ్బరి చిప్పలు. తీసెయ్యండి. వాటిలో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటాయని విమానంలో ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. తడి పేపర్లో చుట్టిన కరివేపాకు. అదీ తీసెయ్యండి. నిమ్మ, నారింజ తోటల్ని ఎండబెట్టే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి పచ్చి ఆకును అమెరికా రానివ్వదు. మళ్ళీ తూకం తగిలిస్తారు. 22.7. బొమ్మా ఉంది, ఆవకాయా ఉంది.

బెల్ మోగుతుంది. పక్క ఫ్లాట్ ఆంటీ. చేతిలో అరటిపళ్ళు, చిన్న సీసా ఒకటి.

"ఇది ఒక మూత వేసెయ్యమ్మా, ఎక్కగానే. మా మనవడికి అదే వేశాం. దిగేదాకా కదల్లేదు."

జలుబు మందు. తాగితే మత్తుగా ఉంటుంది. మీరు సీసా అందుకుంటారు. దుబాయ్ నుంచి డాలస్ 16 గంటలు. 16 గంటల పాటు ఒళ్ళో మెలికలు తిరిగే పిల్లవాడు, వెనక్కి తిరిగి చూసే ముందు సీటువాళ్ళు. ఒక్క మూత. ఆశ పుడుతుంది. ఎవరికైనా పుడుతుంది.

కానీ పిల్లల డాక్టరమ్మ ముందే చెప్పారు. ఇలాంటి మందులు కొందరు పిల్లల్ని నిద్రపుచ్చే బదులు రెచ్చగొడతాయి. మోతాదు ఎక్కువైతే ఊపిరే మందగించొచ్చు. అదీకాక 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసివాళ్ళు కిడ్నీలు దెబ్బతిని చనిపోయిన వార్త ఇంకా మీ కళ్ళలో ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే చెప్పింది. ఆంటీ ప్రేమతోనే తెచ్చారు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

"వద్దాంటీ. డాక్టర్ వద్దన్నారు." డాక్టర్ మాట చెబితే ఎవరూ నొచ్చుకోరు.

తొమ్మిదింటికి ఆయన వీడియో కాల్. అక్కడ పొద్దున. ఫోను కారు లోపలికి తిప్పి చూపిస్తారు. వెనక సీట్లో పక్కపక్కనే పిల్లల సీట్లు రెండు, బిగించి ఉన్నాయి. టెక్సాస్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప ఆ సీటు లేకుండా కారులో కూర్చోకూడదు. "నాకెందుకు? నేను పెద్దదాన్ని" అంటుంది పాప. "చట్టం ఒప్పుకోదురా తల్లీ" అంటారాయన.

ఇప్పుడు ఫైలు. జిప్ ఉన్న నీలం ఫైలు. దీన్ని మాత్రం పెట్టెలో పెట్టరు, భుజాన వేసుకుంటారు. డైనింగ్ టేబుల్ మీద గుమ్మరించి ఒక్కొక్కటీ తాకి చూస్తున్నారు.

పాస్‌పోర్టులు మూడు. పాపది కొత్తది. పాతదానికి ఇంకా పదకొండు నెలలు గడువున్నా మీరు ముందే మార్పించారు. ఎందుకంటే పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే. అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఐ-94లో ఎప్పటిదాకా ఉండొచ్చో రాస్తారు. వీసా మూడేళ్ళున్నా, పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతుంటే ఆ తేదీ దగ్గరే ఆపేయొచ్చు. తల్లిదండ్రులకు ఒక తేదీ, బిడ్డకు మరో తేదీ. అది చూసుకోక, పిల్లకు గడువు దాటిపోయిందని నెలల తర్వాత తెలిసి లాయర్ల చుట్టూ తిరిగే కుటుంబాలున్నాయి. దిగిన వారంలోనే ముగ్గురి ఐ-94లూ తీసి తేదీలు చూడాలి. ఫైలు లోపలి అట్ట మీద పెన్నుతో రాసుకుంటారు: ఐ-94, ముగ్గురివీ.

వీసాలు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింది అంతస్తులో వేలిముద్రల కేంద్రం. ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ కాన్సులేట్, ఎండలో క్యూ. ఇంతకుముందు 14 ఏళ్ళ లోపు పిల్లల్ని చాలావరకు ఇంటర్వ్యూకి తీసుకెళ్ళే పని ఉండేది కాదు. 2025 సెప్టెంబరు 2 నుంచి వాళ్ళూ రావాల్సిందే. బాబు మీ భుజం మీద నిద్రపోయాడు. కిటికీ దాకా అలాగే మోసుకెళ్ళారు. ఇంటర్వ్యూకి ముందు అమ్మ చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసింది. వీసాలొచ్చాక మోకాళ్ళ నొప్పితోనే 108 పూర్తి చేసింది.

ఆయన సంతకంతో నోటరీ చేయించిన ఉత్తరం. "నా భార్య మా ఇద్దరు పిల్లలతో ప్రయాణిస్తోంది, నాకు సమ్మతమే" అని. ఒక్క తల్లి గానీ ఒక్క తండ్రి గానీ పిల్లల్ని తీసుకుని వస్తుంటే రెండోవాళ్ళ సమ్మతి ఉత్తరం దగ్గరుంచుకోమని అమెరికా సరిహద్దు అధికారులు చెబుతారు. అడగకపోవచ్చు. అడిగితే ఇద్దరు పిల్లలతో గంటసేపు బెంచీ మీద కూర్చోకుండా ఆ కాగితం కాపాడుతుంది.

టీకాల పుస్తకం. దీనికి రెండు జిరాక్సులు, ఫోన్లో ఫోటోలు. ప్రభుత్వ టీకాల పట్టికలో ఆటలమ్మ టీకా, హెపటైటిస్-ఎ టీకా లేవు. టెక్సాస్ బడిలో చేర్చాలంటే రెండూ కావాలి. పాపకి ఇక్కడే వేయించారు. తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో వేలితో గీత వెంబడి చూసుకుంటారు. పడ్డాయి. అది ధనిక దేశం, అక్కడ తట్టెక్కడిది అనుకోకండి. 2025లో టెక్సాస్ పడమటి జిల్లాల్లో తట్టు ప్రబలింది. 762 మందికి సోకింది. ఇద్దరు పిల్లలు చనిపోయారు.

చివరగా ఒక చిన్న అట్టముక్క. పోస్టుకార్డులో సగం ఉంటుంది. వారం కిందట క్లినిక్‌లో బాబును తూకం మీద నిలబెట్టినప్పుడు రాసింది. "ఆరు మిల్లీలీటర్లు కదా డాక్టర్‌గారూ, జ్వరం మందు?" అని మీరడిగితే ఆవిడ పెన్ను ఆపి తలెత్తారు.

"మిల్లీలీటర్లు గుర్తుపెట్టుకోవద్దమ్మా. సీసా మారితే ఆ లెక్క మారిపోతుంది. మిల్లీగ్రాములు గుర్తుపెట్టుకో."

అట్ట మీద ఆవిడ రాసింది ఇంతే: బాబు 12.4 కిలోలు. పారాసిటమాల్ 150 మి.గ్రా. ఆరు గంటలకోసారి, జ్వరం ఉంటేనే.

మీ ఇంట్లో ఉన్న సీసా 5 మి.లీ.లో 120 మి.గ్రా. రకం. దానికి ఆరు మిల్లీలీటర్లు సరిపోతుంది. సీసాకు తెల్ల టేపు చుట్టి స్కెచ్ పెన్నుతో 6 అని పెద్దగా రాసి పెట్టారు. తమ్ముడు గచ్చిబౌలిలో ఆఫీసు నుంచి వస్తూ ఇంకో సీసా తెచ్చాడు. "అక్కా, ఎందుకైనా మంచిది, ఎక్స్‌ట్రా." అదీ హ్యాండ్‌బ్యాగు జేబులో వేస్తారు.

పదకొండున్నర. ఇన్నోవా కింద నిలబడి ఉంది. పెట్టెలు పైకెక్కుతున్నాయి. "బాబును మీ ఒళ్ళె కూసోబెట్టుకోండి మేడం, గింత దూరమే కదా" అంటాడు డ్రైవరు. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే శంషాబాద్ దాకా ఆగేది లేదు. ఆ రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 120. ఆ వేగంలో గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ బిడ్డను పట్టి ఉంచలేవు. తమ్ముడు మీ కారులోంచి బాబు సీటు ఊడదీసి తెచ్చి ఇన్నోవా వెనక బిగిస్తాడు. పది నిమిషాలు పడుతుంది. డ్రైవరు గడియారం చూసుకుంటాడు. చూసుకోనివ్వండి.

శంషాబాద్‌లో బయల్దేరే గేట్ల ముందు జాతర. అమెరికా వెళ్ళే ఒక్క కుర్రాడి కోసం ఊరు ఊరంతా వచ్చినట్టుంది. పూలదండలు, ఫోటోలు, ఏడుపులు. అమ్మ పాప తల నిమురుతోంది, ఆపడం లేదు. మీరు కళ్ళు తుడుచుకుని రెండు పనులు చేస్తారు. పిల్లలిద్దరినీ నిలబెట్టి తలనుంచి చెప్పుల దాకా ఫోటో తీస్తారు. ఈ రోజు ఏ రంగు చొక్కా, ఏ చెప్పులు అని ఎవరైనా అడిగితే కంగారులో గుర్తు రాదు. తర్వాత బాబు ముంజేతి లోపల బాల్‌పెన్నుతో ఆయన నంబరు, దేశం కోడ్‌తో సహా రాస్తారు. వాడు కితకితలకు నవ్వుతాడు.

పాపకి ఆ నంబరు నోటికొచ్చు. ఇంకో పాఠం కూడా వచ్చు. నెల రోజులుగా ఆదివారం ఆదివారం శిల్పారామంలో ఆడిన ఆట అది. అమ్మ కనపడకపోతే ఏం చెయ్యాలి? వెతకొద్దు. ఉన్నచోటే వీపు గోడకు ఆనించి నిలబడాలి. అమ్మే వెతుక్కుంటూ వస్తుంది. మొదటి ఆదివారం మీరు కుండల దుకాణం వెనక దాక్కుంటే ఏడుస్తూ పరిగెత్తింది. నాలుగో ఆదివారం కదలకుండా నిలబడింది.

విమానం నేల వదులుతుంది. కింద ఔటర్ దీపాల గొలుసు ఒక్కసారి వంగి, మాయమవుతుంది. పిల్లలు నిద్రపోయారు. మీరూ కళ్ళు మూస్తారు.

మోచేతికేదో వెచ్చగా తగులుతుంది.

బాబు నుదురు.

మీ చేతి వాచీ చూస్తారు. ఐదున్నర. లైట్లు ఆర్పేశారు. ఇంజిన్ల హోరు. మళ్ళీ నుదుటి మీద చెయ్యి వేస్తారు. వెచ్చగా కాదు. కాలుతోంది. బ్యాగులో తడుముతారు. థర్మామీటరు చంకలో పెడతారు. వాడు మూలుగుతాడు. బీప్.

102.6.

వాడి గడ్డం వణుకుతోంది. తర్వాత చేతులు. తర్వాత ఒళ్ళంతా.

చలి వణుకా? ఫిట్సా?

గుండె దడదడలాడుతోంది. ఆగండి. పేరు పెట్టి పిలవండి. పిలుస్తారు. పలకడు. మళ్ళీ పిలుస్తారు. కళ్ళు తెరుస్తాడు. మీ వైపే చూస్తాడు. "అమ్మా" అంటాడు.

చలి వణుకే. ఫిట్సయితే చూపు నిలవదు, పిలుపు అందదు. అప్పుడైతే పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూస్తూ, కేకేసి మనిషిని పిలవాలి. ఇప్పుడు ఆ అవసరం లేదు. స్వెట్టరు విప్పుతారు. దుప్పటి తీసేస్తారు. పిలుపు బటన్ నొక్కుతారు.

మందు. జేబులో చెయ్యి పెడతారు. సీసా తగిలింది. మూత తిప్పుతారు. మందు పోసే గొట్టంతో పీలుస్తారు. మీ చేతికి అలవాటే. ఆరు గీత దాకా.

"పాపా, లే. ఫోన్ లైటు పట్టు."

పాప కళ్ళు నులుముకుంటూ లేస్తుంది. లైటు వెలుగుతుంది. గొట్టం బాబు పెదాల దగ్గర ఉంది.

"అమ్మా, టేపేదీ?"

చెయ్యి ఆగిపోతుంది.

సీసాకు టేపు లేదు. తెల్ల టేపు, పెద్ద 6. లేదు. అప్పుడు మీకు కళ్ళ ముందు కనిపిస్తుంది. డైనింగ్ టేబుల్. మంచినీళ్ళ గ్లాసు. దాని పక్కన టేపు చుట్టిన సీసా. ఫైలు సర్దేటప్పుడు పక్కకు పెట్టారు. అక్కడే ఉండిపోయింది.

ఇది తమ్ముడు తెచ్చింది.

"దాని మీద ఏం రాసుందో చదువు నాన్నా."

పాప లైటు దగ్గరగా పెడుతుంది. చిన్న అక్షరాలు. వేలు పెట్టి చదువుతుంది. "ఫైవ్ ఎంఎల్. టూ ఫిఫ్టీ ఎంజీ."

250. ఇంట్లోది 120. అదే మందు. అలాంటి డబ్బానే. రెట్టింపు ఘాటు. మీ గొట్టంలో ఉన్నది 300 మిల్లీగ్రాములు. ఒక్కసారికి ప్రాణం మీదికి రాకపోవచ్చు. కానీ ఆరు గంటలకు మళ్ళీ ఆరు. మళ్ళీ ఆరు. డాలస్ చేరేలోపు ఆ చిన్న కాలేయం ఎంత మోయాలి?

గొట్టం వెనక్కి తీస్తారు. ఫైలు జిప్ లాగుతారు. అట్టముక్క. 150 మి.గ్రా. 5 మి.లీ.లో 250 అంటే ఒక్క మిల్లీలీటరులో 50. 150కి?

"మూడు" అంటుంది పాప. ఎక్కాలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది.

ఎక్కువైంది సీసాలోకి వెనక్కి పోస్తారు. మూడు గీత. పాప లైటు కదలకుండా పట్టుకుంటుంది. ఇద్దరూ ఒకసారి చూస్తారు. బాబు బుగ్గ లోపలి వైపుకు కొద్దికొద్దిగా వదులుతారు. మింగుతాడు.

మూడు మిల్లీలీటర్లు.

బోర్డింగ్ పాస్ వెనక రాస్తారు: 5.40, హైదరాబాద్ టైము. వాచీ మార్చరు. దుబాయ్ గంటన్నర వెనక, డాలస్ ఇంకా వెనక. గోడ మీద గడియారం చూసి లెక్క వేసుకుంటే ఒక డోసు ముందుకైనా జరుగుతుంది, వెనక్కైనా జరుగుతుంది. బిడ్డ ఒంట్లో మందుకు టైమ్‌జోన్లు తెలియవు. అట్టముక్క డాలస్‌లో కూడా పనికొస్తుంది. అక్కడ ఇదే మందును ఎసిటమినోఫెన్ అంటారు, 5 మి.లీ.లో 160 ఉంటుంది. అప్పుడు లెక్క మళ్ళీ మారుతుంది. 150 మాత్రం మారదు.

ఎయిర్‌హోస్టెస్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంటుంది. విమానంలో డాక్టరెవరైనా ఉన్నారేమో మైకులో అడగమంటారా అంటుంది. బాబు మీ వేలు పట్టుకుని నీళ్ళు తాగుతున్నాడు. ఇప్పుడే వద్దు, పది నిమిషాలకోసారి వచ్చి చూడండి అంటారు. వస్తుంది. ఏడింటికి నుదుటి మీద చెమట పడుతుంది. ఏడూ పదికి 100.4. విమానం దిగడం మొదలవగానే బాబు చేత గుక్కగుక్కగా నీళ్ళు తాగిస్తారు. మింగుతుంటే చెవుల్లో బిగువు వదులుతుంది.

దుబాయ్. మళ్ళీ సెక్యూరిటీ. పాప తలుపులాంటి ఆ ఫ్రేములోంచి ముందు దాటేస్తుంది. మిమ్మల్ని మందు సీసా కోసం ఆపుతారు. డాక్టరమ్మ రాసిన చీటీ చూపించండి. చూపిస్తారు. తలెత్తేసరికి మధ్యలో ఒక టూరిస్టు గుంపు. పాప కనపడదు. పరిగెత్తాలని కాళ్ళు లాగుతాయి. ఎత్తుకున్న బాబు, బెల్టు మీద ఫైలు. అడుగులు వేస్తారు. గుంపు కదిలి పలచబడుతుంది. స్తంభం. స్తంభానికి వీపు ఆనించి పాప. పెదవి వణుకుతోంది. కానీ కదల్లేదు.

ఎయిర్‌పోర్టులో మెడికల్ సెంటర్ ఉంటుంది. ఏ యూనిఫాంవాళ్ళను అడిగినా దారి చూపిస్తారు. అక్కడ డాక్టరు బాబు గొంతు చూస్తాడు, ఎర్రగా ఉంది. చెవులు బాగున్నాయి. గుండెల్లో గురక లేదు. ఎగరొచ్చనే అంటాడు. "కానీ 16 గంటలు. మీకు భయంగా ఉంటే ఆగండి."

డాలస్‌లో రాత్రి పదకొండు కావస్తోంది. ఫోన్లో ఆయన గొంతు బిగుసుకుపోయింది. "రిస్క్ వద్దు. ఆగిపోండి. హోటల్ నేను బుక్ చేస్తా." ఆగే దారి ఉంది. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు యూఏఈ అక్కడికక్కడే 14 రోజుల వీసా ఇస్తుంది. టికెట్ల మార్పుకి కొంత డబ్బు పోతుంది. పోనివ్వండి. డబ్బు సంగతి కాదిప్పుడు.

ఆగాలా? ఎక్కాలా?

గేటు దగ్గర కూర్చుంటారు. బోర్డింగుకి ఇరవై నిమిషాలు. గుండెల్ని కాదు, బిడ్డను అడగండి. డైపరు తడిమి చూస్తారు. బరువుగా, తడిగా ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గలేదు. మెడ వంచి తన చెప్పు చూసుకుంటున్నాడు, మెడ బిగుసుకోలేదు. చొక్కా ఎత్తి పొట్టా వీపూ చూస్తారు, దద్దుర్లు లేవు. చొక్కా అలాగే ఎత్తి పట్టుకుని వాచీ చూస్తూ శ్వాస లెక్కపెడతారు. పొట్ట పైకి, కిందికి. ఒకటి. రెండు. ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి నిమిషానికి 40 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఊపిరి ఎగపోస్తున్నట్టే. అప్పుడు విమానం ఎక్కకూడదు. పద్నాలుగు. పదిహేను. మైకులో ఎవరి పేరో పిలుస్తున్నారు. మీరు లెక్క తప్పరు. ఇరవై ఎనిమిది. ముప్పై. నిమిషం పూర్తయింది.

32.

"బిక్కెట్" అంటాడు బాబు. రాత్రి నుంచి మొదటిసారి తినడానికి అడుగుతున్నాడు.

ఆయనకి ఫోన్ చేసి ఒక్కొక్కటీ చెబుతారు. తడి డైపరు. మెడ. దద్దుర్లు. 32. బిస్కెట్. అటువైపు నిశ్శబ్దం. తర్వాత, "సరే. రండి."

క్యూ కదులుతుంది. ఒక భుజాన బాబు, రెండో భుజాన ఫైలు. మందు సీసాకు పాప తన నోటుపుస్తకం కాగితం చింపి రబ్బరు బ్యాండుతో కట్టింది. దాని మీద పెద్దగా 3. మీ వాచీ విప్పించుకుని తన చేతికి కట్టుకుంది. అది మోచేతి దాకా జారిపోతోంది. అందులో ఇంకా హైదరాబాద్ టైమే. పదీ నలభై.

"పదకొండూ నలభైకి నేను చెప్తానమ్మా" అంటుంది. "జ్వరం ఉంటేనే కదా?"

"ఉంటేనే."